విదేశీ కంపెనీకి ఇంటి నుంచి పని: సంతకానికి ముందు వేయాల్సిన లెక్కలు

ఆఫర్‌లో నెలకు 1,500 డాలర్లు అని కనబడగానే చాలామంది దాన్ని ఆ రోజు మారకం రేటుతో గుణించి, వచ్చిన అంకెను ఇప్పటి జీతం పక్కన పెట్టి చూస్తారు. పోలిక అక్కడే తప్పుతుంది. సొంత దేశంలో ఉద్యోగమైతే సెలవు రోజుల జీతం, బీమా, పింఛను వాటా, కంప్యూటర్, కరెంటు, పని లేని వారాల ఖర్చు యజమానే భరిస్తాడు. విదేశీ కంపెనీకి కాంట్రాక్టర్‌గా, అంటే ఉద్యోగిగా కాకుండా ఒప్పందం మీద పనిచేసి బిల్లు పంపే మనిషిగా చేరితే ఇవన్నీ మీ మీద పడతాయి. అంటే ఆ డాలర్లలో కొంతే జీతం, మిగతాది మీరు నెత్తికెత్తుకున్న ఖర్చులకూ రిస్కుకూ ఇచ్చే పరిహారం. ఏది ఎంతో విడదీసి చూడగలిగితేనే ఆఫర్ మంచిదో కాదో తెలుస్తుంది.

ముందు మీ కారణం తేల్చుకోండి

వర్ధమాన దేశాల్లో ఇలాంటి పనుల వైపు వెళ్తున్నవారి సంఖ్య చిన్నదేమీ కాదు. ఆన్‌లైన్ గిగ్ పనివారు, అంటే నెట్ ద్వారా విడివిడి పనులు తీసుకుని చేసేవారు, ప్రపంచమంతటా 15.4 కోట్ల నుంచి 43.5 కోట్ల మధ్య ఉంటారని ప్రపంచ బ్యాంకు 2023లో అంచనా వేసింది. అందరూ ఒకే కారణంతో రారు. మీ కారణం ఏదన్న దాన్ని బట్టే మీరు దేనికోసం బేరమాడాలో తేలుతుంది.

ఎక్కువమందికి కారణం జీతంలో తేడా. కంపెనీ తన నగరంలో ఒక మనిషికి ఇచ్చే దానిలో మూడో వంతు ఇచ్చినా, చాలాచోట్ల అది పనిచేసేవారి ఊరి మార్కెట్ జీతం కంటే ఎక్కువే అవుతుంది. ఈ తేడాను కంపెనీలు రెండు రకాలుగా చూస్తాయి. గిట్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగి ఉండే చోటును బట్టి జీతాన్ని సర్దుతాయి. బేస్‌క్యాంప్‌లాంటివి ఎక్కడున్నా ఒకే స్కేలు ఇచ్చే పద్ధతి ప్రకటించాయి. ఇంటర్వ్యూలో "మీది చోటును బట్టి జీతమా, పనిని బట్టి జీతమా?" అని నేరుగా అడగండి. మొదటిదైతే మీ నగరం రేటు కంటే ఎంత ఎక్కువ అన్నదే బేరం. రెండోదైతే మీ అనుభవం ఏ స్థాయికి వస్తుందన్నది బేరం.

రెండో కారణం కరెన్సీ. 2024 మార్చి 6న ఈజిప్టు తన పౌండును మార్కెట్‌కు వదిలేసినప్పుడు డాలరు ధర 31 పౌండ్ల దగ్గర నుంచి ఒక్క రోజులో 50 దగ్గరికి వెళ్లింది. 2023 డిసెంబరులో అర్జెంటీనా అధికారిక రేటు డాలరుకు 366 పెసోల దగ్గర నుంచి 800కి మారింది. అలాంటి చోట్ల డాలర్లలో వచ్చే ఆదాయం కుటుంబానికి రక్షణ. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అర్జెంటీనాలో ఆ మార్పుకు ముందు చీకటి మార్కెట్ రేటు అధికారిక రేటుకు రెట్టింపు పైన ఉండేది. డాలర్లు బ్యాంకు ద్వారా వచ్చి అధికారిక రేటుకే మారాల్సి వస్తే, ఆ రక్షణలో సగం దారిలోనే పోతుంది. కరెన్సీ కోసమే ఈ పని ఎంచుకుంటున్నవారు రెండు విషయాలు చూసుకోవాలి. జీతం ఒప్పందంలో డాలర్లలోనో యూరోల్లోనో రాసి ఉందా? ఆ డబ్బును అదే కరెన్సీలో ఖాతాలో ఉంచుకోవడానికి మీ దేశ చట్టం ఒప్పుకుంటుందా? స్థానిక కరెన్సీలో స్థిరంగా రాసిన జీతమైతే, పంపేది విదేశీ కంపెనీయే అయినా విలువ పడిపోయినప్పుడు నష్టపోయేది మీరే.

మూడో కారణం ఇల్లు కదలకుండా ఉండటం. వీసా అక్కర్లేదు, పిల్లల్నో పెద్దల్నో చూసుకోవచ్చు. ప్రయాణం కష్టమైన వికలాంగులకూ, బయటి ఉద్యోగానికి ఇంట్లో ఒప్పుకోని స్త్రీలకూ తలుపు తెరుచుకుంటుంది. ఇదే మీ కారణమైతే జీతం కంటే పనివేళలు ముఖ్యం. రాత్రి రెండింటికి మీటింగులున్న ఉద్యోగం ఇంట్లోనే ఉన్నా ఇంటివారికి అందనివ్వదు.

ఊళ్లో మార్కెట్ లేని నైపుణ్యం నేర్చుకోవడానికి చేరేవారూ ఉన్నారు. వాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటే: నా పనిని ఎవరు చూసి తప్పొప్పులు చెబుతారు? జవాబు లేకపోతే మీకు దొరికేది ఒంటరి పని, శిక్షణ కాదు.

అసలు జీతం ఎంత

1,500 డాలర్ల ఆఫర్‌నే తీసుకుందాం. కింద వేసిన ఖర్చులు ఊహించినవి. మీ అంకెలు పెట్టుకుని ఇదే వరుసలో లెక్కించండి.

ఏడాదికి 18,000. వారానికి ఐదు రోజుల చొప్పున పనిదినాలు 260. కాంట్రాక్టులో సెలవుకు జీతం లేకపోతే పండుగలకు 10, సొంత సెలవులకు 15, జబ్బుకు 7 తీసేయండి, 228 మిగులుతాయి. ఆదాయం దాదాపు 15,785కి దిగుతుంది. డబ్బు బదిలీలో, మారకంలో 4 శాతం పోతే 15,150 దగ్గర ఉంటుంది. 1,000 డాలర్ల ల్యాప్‌టాప్ మూడేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 333, రెండు ఇంటర్నెట్ కనెక్షన్లకూ కరెంటుకూ 480, ఆరోగ్య బీమాకు 400 తీయండి. 13,940 మిగిలింది. యజమాని కట్టే పింఛను వాటాకు బదులు మీరే 10 శాతం పక్కన పెడితే 12,550. ఒక కాంట్రాక్టు పోయి మరొకటి దొరికేదాకా ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకుంటే 11,500.

పన్నుకు ముందే 18,000 కాస్తా 11,500 అయింది. నెలకు 960 డాలర్ల లోపు. మొదటి 18,000ను పోల్చాల్సింది స్థానిక ఉద్యోగంలో చేతికొచ్చే జీతంతో కాదు, యజమాని మీ మీద పెట్టే మొత్తం ఖర్చుతో. 11,500లోంచి బీమా, పింఛను తీసేశాం కాబట్టి దాన్ని అటువైపు కూడా అవి పోగా పన్నుకు ముందు చేతికొచ్చేదానితోనే పోల్చండి. ఒకవైపు తీసేసి మరోవైపు ఉంచితేనే తప్పు.

బేరానికి ఇదే లెక్క పనికొస్తుంది. సెలవులకు జీతం ఇవ్వలేమని వాళ్లంటే రోజువారీ రేటును 260 బై 228తో, అంటే 1.14తో గుణించి అడగండి. "ఇంకొంచెం ఎక్కువ ఇవ్వండి" అనడం కంటే "సెలవులైనా ఇవ్వండి, 14 శాతమైనా కలపండి" అనడానికి జవాబు త్వరగా వస్తుంది.

మిమ్మల్ని ఏ రూపంలో తీసుకుంటున్నారు

మామూలుగా మూడు దారులుంటాయి. నేరుగా కాంట్రాక్టర్‌గా తీసుకోవడం ఒకటి. మీ దేశంలో నమోదైన మధ్యవర్తి సంస్థ కాగితం మీద యజమానిగా ఉండి, మీ దేశ చట్టం ప్రకారం జీతం, సెలవులు, సామాజిక భద్రత చూడటం రెండోది. డీల్, రిమోట్ లాంటి సంస్థలు ఈ సేవ అమ్ముతాయి. మూడోది అప్‌వర్క్ లాంటి వేదిక ద్వారా పని.

రెండో దారికి కంపెనీ నెలకు కొన్ని వందల డాలర్ల ఫీజు కట్టాలి కాబట్టి చిన్న కంపెనీలు వెనకాడతాయి. రోజంతా ఒకే కంపెనీకి, వాళ్లు చెప్పిన వేళల్లో, వాళ్ల మేనేజరు కింద పనిచేస్తూ పేరుకు మాత్రం కాంట్రాక్టర్ అనిపించుకోవడం చాలా దేశాల చట్టం దృష్టిలో ఉద్యోగమే. ఆ సంగతి బేరంలో గుర్తు చేయవచ్చు. మొదటి ఆరు నెలలు కాంట్రాక్టర్‌గా, తర్వాత మధ్యవర్తి సంస్థ ద్వారా ఉద్యోగిగా అని ఒప్పందంలోనే తేదీ రాయించుకోవడం ఇద్దరికీ కుదిరే మధ్యేమార్గం.

వేదికల్లో కమీషన్ పోతుంది. బదులుగా క్లయింటు వేదిక దగ్గర ముందే జమచేసిన డబ్బు, గొడవ వస్తే తీర్పు చెప్పేవారు ఉంటారు. కొత్తవారికి ఆ రక్షణ కమీషన్‌కు తగినదే. మొదటి వారంలోనే "బయట చెల్లిస్తాం, కమీషన్ మిగులుతుంది" అనే క్లయింటును వదిలేయండి. బయటికెళ్తే ఆ రక్షణ పోతుంది, ఖాతా కూడా మూతపడవచ్చు.

డబ్బు చేతికి చేరే దారి

ఎక్కువమంది మోసపోయేది జీతంలో కాదు, చెల్లింపు తేదీల్లో. కంపెనీ దివాలా తీసినా, జవాబివ్వడం మానేసినా విదేశీ కోర్టుకు వెళ్లే ఖర్చు చాలాసార్లు రావాల్సిన బాకీ కంటే ఎక్కువ. కాబట్టి ఒప్పందంలో ఎన్ని పేజీలున్నా మీకు నిజమైన రక్షణ ఒకటే: ఏ క్షణాన చూసినా జీతం అందని పనిరోజులు తక్కువగా ఉండటం.

నెలాఖరున ఇన్‌వాయిస్ (చేసిన పనికి మీరు పంపే బిల్లు), ఆ తర్వాత 30 రోజులకు చెల్లింపు అన్నారనుకోండి. నెల మొదటి రోజు చేసిన పనికి డబ్బు దాదాపు 60 రోజులకు వస్తుంది. అప్పటికి రెండో నెల పని కూడా పూర్తయి ఉంటుంది. అంటే రెండు నెలల కష్టం వాళ్ల చేతిలో ఉంది. వారానికో ఇన్‌వాయిస్, 7 రోజుల్లో చెల్లింపు అయితే ఆ ప్రమాదం 14 రోజులకు తగ్గుతుంది. మొదటి మూడు నెలలైనా వారానికో, పదిహేను రోజులకో అడగండి. ఒప్పుకోకపోతే మొదటి నెల సగం ముందుగా అడగండి. చెల్లింపు గడువు దాటి 7 రోజులైతే పని ఆపే హక్కు నాకుందని ఒక వాక్యం రాయించండి, ఆ రోజు వస్తే నిజంగా ఆపండి.

వారం వారం తీసుకుంటే బదిలీ ఫీజులు పెరుగుతాయి. స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు వాడే వ్యవస్థ) ద్వారా పంపే డబ్బులో మూడు చోట్ల కోత పడుతుంది: పంపే బ్యాంకు, మధ్యలో ఉండే బ్యాంకు, మీ బ్యాంకు. పంపేటప్పుడు "అవర్" (OUR) ఎంచుకుంటే ఫీజు పంపేవారిది, "షా" (SHA) అయితే చెరి కొంత, "బెన్" (BEN) అయితే అంతా మీదే. ఇన్‌వాయిస్ మీదే "అవర్" అని రాసి పంపండి. ఫీజు కంటే పెద్ద కోత మారకం రేటులో దాగి ఉంటుంది. దాన్ని పట్టుకోవడం సులువు. ఖాతాలో పడిన స్థానిక మొత్తాన్ని ఇన్‌వాయిస్ డాలర్లతో భాగించండి. ఆ రోజు మార్కెట్ మధ్య రేటుతో, అంటే కొనే రేటుకూ అమ్మే రేటుకూ నడుమ ఉండే రేటుతో పోల్చండి. 1,500 డాలర్లలో 30 ఫీజులకు, 30 రేటు తేడాకు పోయినా 4 శాతం పోయినట్టే. వైజ్, పేయోనీర్ లాంటి డబ్బు బదిలీ సేవలు మీ దేశంలో ఉంటే అదే లెక్క వాటికీ వేసి చూడండి. ప్రకటనలోని ఫీజు కాదు, చేతికొచ్చిన రేటు చూడాలి.

పేపాల్ ద్వారా వచ్చిన డబ్బుపై చెల్లించినవారు 180 రోజుల్లోపు వివాదం వేయవచ్చు. పరిచయం లేని క్లయింటు నుంచి పెద్ద మొత్తం దాని ద్వారా తీసుకోవద్దు. ఇంకో చిన్న విషయం: ఒప్పందం, ఇన్‌వాయిస్, బ్యాంకు ఖాతా, గుర్తింపు కార్డు, నాలుగింటిలో పేరు అక్షరం అక్షరం ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట ఉంటే బదిలీ ఆగిపోతుంది, మొదటి జీతం వారాల కొద్దీ ఆలస్యమవుతుంది.

గడియారం

అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు జరుగుతుంది. ఐరోపాలో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. మీ దేశంలో గడియారం మారకపోతే, ఏడాదికి రెండుసార్లు మీ షిఫ్టు గంట జరుగుతుంది. రెండు ఖండాల బృందాలతో పనైతే మధ్యలో ఒకటి నుంచి మూడు వారాలు మీటింగు వేళలన్నీ కలగాపులగమవుతాయి. ఒప్పందంలో వేళలను యూటీసీలో (ఏడాది పొడవునా మారని ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తే మీవి కదలవు, వాళ్లవే కదులుతాయి.

పూర్తి రాత్రి షిఫ్టుకు ఒప్పుకునే ముందు బాగా ఆలోచించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ రాత్రి షిఫ్టు పనిని "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో 2007లో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. చాలా పనులకు ఎనిమిది గంటలు కలిసి ఉండాల్సిన అవసరం లేదు. రోజుకు మూడు నాలుగు గంటలు ఒకేసారి అందుబాటులో ఉండి, మిగతాది రాతపూర్వకంగా నడిపితే సరిపోతుంది. ఇది ఇంటర్వ్యూలోనే అడగాలి. చేరాక మార్చడం కష్టం.

కరెంటు, నెట్

మంచి నాణ్యత వీడియో కాల్‌కు సుమారు 3 నుంచి 4 ఎంబీపీఎస్ చాలు, కానీ అది అప్‌లోడ్‌లోనూ రావాలి. మొబైల్ డేటా మీద గంట కాల్‌కు ఒక జీబీ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంది. రెండో కనెక్షన్ వేరే కంపెనీది, వేరే రకానిది తీసుకోండి: ఒకటి ఫైబర్ అయితే మరొకటి మొబైల్. ఒకే కంపెనీవి రెండు తీసుకుంటే రెండూ ఒకేసారి పోవచ్చు.

బ్యాటరీ లెక్క ఇలా: 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్‌ది అయితే సగమే వాడాలి, 900. ఇన్వర్టర్‌లో 15 శాతం పోతే 765. ల్యాప్‌టాప్ 60 వాట్లు, మానిటర్ 25, రూటర్ 12, మొత్తం 97. దాదాపు ఎనిమిది గంటలు వస్తుంది. పాత బ్యాటరీ ఇందులో సగమే ఇవ్వవచ్చు, కాబట్టి ఆరు నెలలకోసారి మెయిన్ ఆపి ఎంతసేపు వస్తుందో చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో రూటర్ రీస్టార్ట్ అయితే కాల్ రెండు మూడు నిమిషాలు పోతుంది. రూటర్‌కు విడిగా చిన్న డీసీ యూపీఎస్ (కరెంటు పోయినా ఆగకుండా నడిపే చిన్న బ్యాటరీ పెట్టె) పెడితే ఆ బాధ ఉండదు.

కంపెనీ నిజమైనదేనా

బ్రిటన్ కంపెనీ అయితే కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు: నమోదు తేదీ, డైరెక్టర్లు, దాఖలు చేసిన ఖాతాలు కనబడతాయి. అమెరికాలో ఆయా రాష్ట్రాల సెక్రటరీ ఆఫ్ స్టేట్ నమోదులు, స్టాక్ మార్కెట్‌లో ఉన్నవాటికి అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వారి ఎడ్గార్ వెబ్‌సైట్ ఉన్నాయి. ఒప్పందంలో ఉన్న పేరు, నమోదులో ఉన్న పేరు, డబ్బు పంపే ఖాతా పేరు ఒకటేనా చూడండి. మెయిల్ వచ్చిన డొమైన్ కంపెనీ సైట్‌దేనా, లేక ఒక అక్షరం తేడాతో నిన్న మొన్న నమోదు చేసిందా అన్నది డొమైన్ల నమోదు వివరాలు చూపే హూయిజ్‌లో తెలుస్తుంది.

శిక్షణకనో, పరికరాలకనో ముందుగా డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. మీ ఖాతాలో డబ్బు వేసి, కమీషన్ ఉంచుకుని మిగతాది వేరేవారికి పంపమంటే మిమ్మల్ని దొంగ డబ్బు దాటించడానికి వాడుతున్నారు, కేసు మీ మీదే పడుతుంది. మీ ప్రొఫైల్‌నో గుర్తింపు కార్డునో అద్దెకివ్వమనేదీ అంతే. ఇంటి నుంచి పని అని చెప్పి చివర్లో విమానం టిక్కెట్టు పంపితే ఎక్కవద్దు. మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల శిబిరాల్లోకి ఎందరినో అలా ఉద్యోగం పేరు చెప్పే తీసుకెళ్లారు. ప్రోగ్రామర్లకు మరో ముప్పు ఉంది. ఇంటర్వ్యూ పరీక్షగా పంపే కోడ్‌లోనే వైరస్ ఉంటుంది. దాన్ని మీ రోజువారీ కంప్యూటర్‌లో నడపకండి, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే విడిగా నడిచే మరో కంప్యూటర్ లాంటిది) నడపండి.

హింస, అశ్లీలం వడపోసే కంటెంట్ మోడరేషన్ పనికి కౌన్సెలింగ్, రోజుకు ఎన్ని గంటలన్న పరిమితి రాతపూర్వకంగా అడగండి. ఈ పని వల్ల మానసికంగా దెబ్బతిన్నామని మోడరేటర్లు వేసిన దావాలో ఫేస్‌బుక్ 2020లో 5.2 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఆ రాజీ అమెరికాలో పనిచేసినవారికే వర్తించింది.

పన్ను

విదేశం నుంచి వచ్చింది కాబట్టి పన్ను లేదనుకోవడం పెద్ద పొరపాటు. చాలా దేశాలు అక్కడ నివాసం ఉన్నవారి ప్రపంచ ఆదాయం మీద పన్ను వేస్తాయి. యజమాని కోసి కట్టడు కాబట్టి ప్రతి చెల్లింపు రాగానే మీ శ్లాబుకు తగ్గ వాటాను వేరే ఖాతాలో వేయండి. విడతల వారీగా ముందస్తు పన్ను కట్టే పద్ధతి మీ దేశంలో ఉందేమో, సేవల ఎగుమతికి అమ్మకపు పన్ను మినహాయింపు కావాలంటే ఏ నమోదు అవసరమో ఒకసారి స్థానిక అకౌంటెంటును అడగండి. ఆ ఫీజు వృథా కాదు.

అమెరికా కంపెనీలు డబ్ల్యూ-8 బెన్ ఫారం అడుగుతాయి, సొంత కంపెనీ ద్వారా చేస్తే డబ్ల్యూ-8 బెన్-ఈ. మీరు అమెరికా పన్ను పరిధిలోని వ్యక్తి కారని చెప్పే పత్రమిది. అమెరికా బయట కూర్చుని చేసిన సేవల ఆదాయం అక్కడి ఆదాయం కిందికి రాదు కాబట్టి విదేశీయులకు చెల్లించేటప్పుడు అమెరికా పన్నుగా పట్టుకునే 30 శాతం కోత పడకూడదు. ఫారాన్ని కంపెనీకే ఇవ్వాలి, పన్ను శాఖకు పంపనక్కర్లేదు. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ ఏడాది చివరి రోజు వరకు చెల్లుతుంది: 2025 మార్చిలో ఇస్తే 2028 డిసెంబరు 31 దాకా. గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. అది దాటితే చెల్లింపు ఆగవచ్చు.

ఒప్పందంలో తప్పక చదవాల్సిన వాక్యాలు

నోటీసు పీరియడ్ ఇద్దరికీ సమానంగా ఉండాలి. మీరు 30 రోజులు, వాళ్లు "ఎప్పుడైనా" అని ఉంటే మార్చమనండి. మీ పని మీద హక్కులు వాళ్లకు ఎప్పుడు వెళ్తాయన్నచోట "డబ్బు అందాక" అనే మాట చేర్పించండి. బాకీ వసూలుకు మీ చేతిలో ఉండే చివరి పట్టు అదే. నష్టపరిహారం మీ మీద హద్దు లేకుండా రాసి ఉంటే, గత మూడు నెలల్లో అందిన మొత్తానికి మించకూడదని హద్దు పెట్టించండి. స్క్రీన్ తీసే, కెమెరా వాడే నిఘా సాఫ్ట్‌వేర్ పెడతామంటే కంపెనీ ఇచ్చిన కంప్యూటర్‌లోనే ఒప్పుకోండి. మీ సొంతదాంట్లో బ్యాంకు వివరాలు, కుటుంబం ఫొటోలు ఉంటాయి.

పని ముగిసే రోజు గురించి కూడా మొదటి వారంలోనే ఆలోచించాలి. దూరం నుంచి చేసే ఉద్యోగంలో తొలగింపు అంటే మెయిల్, చాట్, ఫైళ్లు ఒకేసారి మూసుకుపోవడం. ఒప్పందం, ఇన్‌వాయిస్‌లు, చెల్లింపు రసీదులు, పని గంటల నమోదు, మీ పనిని మెచ్చుకుంటూ వచ్చిన సందేశాలు, వీటిలో రహస్య నిబంధనకు అడ్డురానివన్నీ నెలకోసారి సొంత మెయిల్‌కో డ్రైవ్‌కో చేర్చుకోండి. అనుభవ పత్రం ఏడాది నిండగానే అడిగి తీసుకోండి, వెళ్లేటప్పటికి వాయిదా వేయవద్దు. మీ మేనేజరు మీకంటే ముందే వెళ్లిపోవచ్చు, అప్పుడు మీ పనిని ఎరిగి రాసేవారు ఆ కంపెనీలో మిగలరు.